పరమపదం లేని వైకుంఠపాళి

పల్నాడులో మా బాబాయి పత్తి చేలో నిలబడి ఒక కాయ తెంపి, బొటనవేళ్లతో నొక్కి రెండుగా విప్పాడు. పైకి కాయ నిక్షేపంలా ఉంది. లోపల ఒక అరలో మాత్రం దూది విచ్చుకోకుండా గట్టిపడి, మట్టిరంగుకు తిరిగింది. గింజలో తల దూర్చి, ఒంటి మీద గులాబీ చారలతో ఒక పురుగు. బియ్యపు గింజకు రెట్టింపు ఉంటుందేమో.

"దీనికి మందు అలవాటైపోయింది అబ్బాయ్. ఇప్పుడా విషం దీనికి చద్దన్నం" అన్నాడు.

ఆయన అన్న రెండో మాట నిజం. మొదటి మాట తప్పు. ఆ తప్పు ఎక్కడుందో పట్టుకుంటే డార్విన్ సగం అర్థమైనట్టే. అందుకని కాసేపు ఈ చేలోనే ఉందాం.

బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసిన జన్యువును పత్తిలో చేర్చారు. దాంతో మొక్క ఒంట్లోనే ఒక ప్రోటీన్ తయారవుతుంది. కాయతొలుచు పురుగు దాన్ని కొరికిందంటే ఆ ప్రోటీన్ పేగుకు అతుక్కుని తూట్లు పొడుస్తుంది. 2006లో ఒకటికి రెండు విషాలున్న రకం వచ్చింది. 2009లో గుజరాత్ చేలల్లో మొదటి రకం తిని కూడా చావని గులాబీ రంగు పురుగు బయటపడింది. ఇంకో ఐదారేళ్లకు రెండో రకానికీ అదే గతి పట్టింది. ఆ తర్వాత మన రెండు రాష్ట్రాల పత్తి రైతులకూ గుడ్డిపూలు, అంటే పురుగు పట్టి విచ్చుకోని పూలు, ఏటా చూసే దృశ్యమైపోయాయి.

ఇందులో ఏ పురుగూ విషానికి అలవాటు పడలేదు. అలవాటు పడే వ్యవధి ఎక్కడిది? తిన్నది తిన్నట్టే చచ్చింది. కాకపోతే లక్షల పురుగుల్లో ఎక్కడో ఒకటీ అరా, బీటీ పత్తి పుట్టకముందు నుంచీ, పేగు గోడలో చిన్న తేడాతో పుడుతూ ఉండేవి. విషం అతుక్కోవాల్సిన చోటు వాటిలో కొంచెం వేరుగా ఉంటుంది. బీటీ లేని రోజుల్లో ఆ తేడా ఎందుకూ కొరగాదు. బీటీ వచ్చాక తక్కినవన్నీ పోయి ఇవే మిగిలాయి. ఇవే జతకట్టాయి. వీటి పిల్లలే చేనంతా నిండాయి. ఏ ఒక్క పురుగూ మారలేదు, పురుగుల జనాభా మారింది. ప్రకృతి వరణం అంటే ఇంతే.

దీనికి విరుగుడు కూడా డార్విన్ లెక్కలోంచే వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనాల చిన్న ప్యాకెట్ ఒకటి ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. ఆ మామూలు మొక్కల మీద విషం తట్టుకోలేని పురుగులు హాయిగా బతుకుతాయి. చేలో మిగిలిన ఒకటీ అరా మొండి పురుగు రెక్కలొచ్చి ఎగిరితే, జతకట్టడానికి దొరికేవి ఎక్కువగా ఇవే. తట్టుకునే గుణం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే పురుగు బతుకుతుంది కాబట్టి ఆ జంట పిల్లలు బీటీ మొక్క తిని చస్తాయి. అంటే పురుగును ఓడించాలంటే కొన్ని పురుగులను పెంచాలి. రైతుకు ఈ మాట చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో ఊహించండి. మా బాబాయిని ఆ చిన్న ప్యాకెట్ ఏం చేశావని అడిగితే "గట్టు మీద పారేశాం. అది ఎందుకో చెప్పినోడు లేడు" అన్నాడు. అమెరికాలో మాత్రం ఇలా మామూలు పత్తిని వేయించి, ఆపైన పిల్లలు పుట్టని గొడ్డు పురుగులను కోట్ల సంఖ్యలో వదిలి, 2018 నాటికి గులాబీ రంగు పురుగును తమ పత్తి పొలాల్లో లేకుండా చేశామని ప్రకటించుకున్నారు.

"అలవాటైపోయింది" అనే మాట మా బాబాయి ఒక్కడిదే కాదు. మనం ఈ సిద్ధాంతానికి పెట్టుకున్న పేరులోనే ఆ చిక్కు ఉంది. పరిణామం మన పాత దర్శనాల్లో ఒకటైన సాంఖ్యాన్ని అనుసరించినవాళ్ల మాట. దానికి వాళ్లిచ్చే పాత ఉదాహరణ పాలు పెరుగు కావడం. పెరుగు పాలలో ముందే దాగి ఉంది, సమయం రాగానే బయటపడింది అంటారు. గిన్నెలో ఉన్న ఆ పాలే పెరుగయ్యాయి. మనసులో ఈ బొమ్మ పెట్టుకుని చదివితే కోతి కొంతకాలానికి తోడుకుని మనిషయ్యిందనే అనిపిస్తుంది, "మరి ఇప్పుడున్న కోతులు ఎందుకు తోడుకోలేదు" అనే ప్రశ్నా వస్తుంది. తప్పు అడిగినవాడిది కాదు, బొమ్మది.

విచిత్రమేమిటంటే ఇంగ్లిష్‌లోనూ ఇదే ఇబ్బంది ఉంది. ఎవల్యూషన్ అంటే అసలర్థం చుట్టను విప్పడం, లోపల ఉన్నదాన్ని బయటికి పరచడం. బహుశా అందుకేనేమో, 1859 నవంబర్ 24న వెలువడిన తన పుస్తకం 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' (జాతుల పుట్టుక) తొలి ముద్రణలో డార్విన్ ఆ పదమే వాడలేదు. దాని క్రియారూపం ఒక్కసారి, పుస్తకంలో ఆఖరి మాటగా వస్తుంది.

ఆ పుస్తకం వెనక కథ అందరూ చెప్పేదే కాబట్టి దాని జోలికి ఎక్కువ పోను. రెండు సవరణలు మాత్రం చెప్పాలి. బీగిల్ ఓడలో 1831 నుంచి 1836 దాకా తిరిగిన యువకుడు గలపగోస్ దీవుల్లో పిట్టల ముక్కులు చూసి అక్కడికక్కడే గంతులేశాడన్నది కట్టుకథ. ఏ పిట్ట ఏ దీవిలో పట్టిందో కూడా ఆయన సరిగా రాసుకోలేదు. అవన్నీ దగ్గరి చుట్టాలైన వేర్వేరు జాతులని 1837లో లండన్‌లో పక్షుల నిపుణుడు జాన్ గూల్డ్ చెబితే తెలిసింది. రెండోది ఆయన మౌనం. 1838లో మాల్తస్ జనాభా వ్యాసం చదివాక ప్రకృతి వరణం అనే అసలు సంగతి తట్టింది. అయినా ఇరవై ఏళ్లు అచ్చులో బయటపెట్టలేదు. జాతులు మారతాయని ఒప్పుకోవడం హత్య చేశానని ఒప్పుకున్నట్టుందని 1844లో మిత్రుడు హుకర్‌కు ఉత్తరం రాశాడు. మధ్యలో ఎనిమిదేళ్లు, ఓడల అడుగున రాళ్లలా అతుక్కుని బతికే బార్నకిల్స్ అనే జీవులను కోస్తూ కూర్చున్నాడు. 1858 జూన్‌లో, ఇప్పటి ఇండోనేషియాలోని టెర్నాటే నుంచి ఆల్‌ఫ్రెడ్ వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పంపిన కవరు వచ్చింది. విప్పి చూస్తే తన సిద్ధాంతమే ఇంకొకరి చేతిరాతలో. జూలై 1న లండన్‌లోని లిన్నియన్ సొసైటీలో ఇద్దరి రాతలూ కలిపి చదివారు. ఇద్దరూ అక్కడ లేరు. వాలెస్ దీవుల్లో ఉన్నాడు, డార్విన్ మూడు రోజుల కిందట పోయిన పసిబిడ్డ దుఃఖంలో ఉన్నాడు. చెప్పుకోదగ్గ గొప్ప ఆవిష్కరణలేవీ లేకుండా ఆ ఏడాది గడిచిపోయిందని సొసైటీ అధ్యక్షుడు తర్వాత తన ప్రసంగంలో అన్నాడు.

అసలు కొత్తదనం జాతులు మారతాయనడంలో లేదు, ఆ మాట డార్విన్ తాతగారే అన్నారు. 1837లో తన నోటుపుస్తకంలో డార్విన్ ఒక బొమ్మ గీశాడు. పైన "నేననుకోవడం" అని ఇంగ్లిష్‌లో రెండు మాటలు, కింద కొమ్మలు చీలుతూ పోయే ఒక పిచ్చి చెట్టు. ఆ చెట్టే కొత్తది. అంతకుముందు యూరప్‌లో జీవరాశిని నిచ్చెనగా ఊహించేవారు: కింద రాయి, ఆ పైన మొక్క, పురుగు, జంతువు, మనిషి, మనిషి పైన దేవదూతలు. మనకు ఈ ఊహ కొత్తేం కాదు. సంక్రాంతి సెలవుల్లో వైకుంఠపాళి ఆడినవాళ్లందరికీ తెలుసు. పరమపదసోపాన పటంలో అడుగున పురుగూ పుట్రా, నడుమ నిచ్చెనలూ పాములూ, పైన పరమపదం. ఎనభై నాలుగు లక్షల యోనుల తర్వాత దొరికేది మానవ జన్మ అనే మాటా ఆ వరసలోదే. డార్విన్ గీసిన చెట్టులో పైమెట్టు లేదు. ఇప్పుడు బతికున్న ప్రతి జీవీ ఏదో ఒక కొమ్మ చివర చిగురే. చింపాంజీ మన తాత కాదు, జ్ఞాతి. మనకూ దానికీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఉండేవారు. ఇప్పుడున్న కోతులు మనుషులు ఎందుకు కాలేదనడం, మా పెదనాన్న కొడుకు నాలా ఎందుకు పుట్టలేదనడం లాంటిదే.

ఈ జ్ఞాతిత్వానికి సాక్ష్యం అడిగితే నేను శిలాజం కంటే ముందు ఉసిరికాయ చూపిస్తాను. ఆవు, మేక, కుక్క, పిల్లి తమకు కావలసిన సి విటమిన్‌ను ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనం చేసుకోలేం. అలాగని దానికి కావలసిన జన్యువు మన దగ్గర లేకపోలేదు, ఉంది, కానీ చెడిపోయి ఉంది. అదే జన్యువు చింపాంజీలో, గొరిల్లాలో, కోతుల్లో కూడా చెడిపోయి ఉంది. ఒకే క్లాసులో పదిమంది పిల్లలు ఒకే లెక్కలో ఒకే తప్పు చేస్తే మాస్టారు ఏమనుకుంటారు? పళ్లూ ఆకులూ సమృద్ధిగా తినే ఏదో పూర్వజీవిలో ఆ జన్యువు చెడినా నష్టం కలగలేదు, ఆ చెడుపు వంశమంతా దిగింది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద కూర్చుని భోంచేసేటప్పుడు నాకీ సంగతి గుర్తొస్తుంటుంది.

శిలాజమే కావాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత గోదావరి లోయలోని జురాసిక్ రాళ్లలో దొరికిన ఎముకలు అవి. ఊరి పేరే దాని శాస్త్రీయ నామంలో చేరింది: కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన యాదగిరి 1988లో దాన్ని వర్ణించి పేరు పెట్టారు. అక్కడ నిలబెట్టింది ఒకే జంతువు అనుకునేరు. చాలా జంతువుల ఎముకలు కలిపి కూర్చిన ఆకారం అది. నాలుగు కాళ్ల మీద నడిచే పొడుగు మెడ భారీ డైనోసార్ల కుటుంబానికి చెందినదే అయినా, కొన్ని ఎముకల్లో అంతకు ముందరి చిన్నపాటి బంధువుల పోలికలు పోలేదు. రెండు వర్గాల మధ్య జీవి అంటే సగం చేసి వదిలేసిన బొమ్మ అనుకుంటాం. కోటాసారస్ తన కాలంలో సగం జంతువేమీ కాదు, ఇప్పటి గోదావరి లోయలో కడుపునిండా మేసిన పూర్తి జంతువే. మధ్యది అని మనం తర్వాత లెక్క వేసి అంటున్నాం.

డార్విన్ సిద్ధాంతాన్ని మతం తొక్కేయబోయింది, సైన్సు కాపాడింది అనే కథ కూడా నిచ్చెన లాంటిదే, వినడానికి సుఖంగా ఉంటుంది. దాన్ని ఎక్కువ ఇరుకున పెట్టింది సైన్సే. భూమి చల్లారే వేగాన్ని లెక్కగట్టి భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ 1862లో భూమి వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్లన్నాడు. పోనుపోను దాన్ని 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. పరిణామానికి ఆ కాలం చాలదు. ఇంకో దెబ్బ 1867లో ఫ్లీమింగ్ జెంకిన్ అనే ఇంజనీరు కొట్టాడు. తల్లిదండ్రుల గుణాలు పిల్లల్లో పాలూ డికాషన్‌లా కలిసిపోతాయని అప్పటి నమ్మకం. అలాగైతే బిందెడు పాలలో పడ్డ ఒక్క చుక్క డికాషన్ రంగు తేలకుండా పోయినట్టు, ఒక జీవిలో పుట్టిన మంచి తేడా నాలుగు తరాల్లో మాయమైపోదా? డార్విన్ దగ్గర దీనికి గట్టి జవాబు లేదు. జవాబు అప్పటికే అచ్చయి ఉంది. 1866లో గ్రెగర్ మెండెల్ బఠానీ మొక్కల మీద రాసిన పత్రం అది. గుణాలు పాలలా కలవవు, పేకముక్కల్లా ఉంటాయి. ఎన్నిసార్లు కలిపినా ఇస్పేటు ఆసు ఇస్పేటు ఆసే. ఆ పత్రాన్ని 1900 దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రాసిన మెండెల్ క్రైస్తవ మఠంలో సన్యాసి అన్న సంగతి, మతానికీ సైన్సుకూ యుద్ధమనే కథలో ఎక్కడా ఇమడదు. భూమి వయసు 450 కోట్ల ఏళ్లు దాటిందని రేడియోధార్మికత వల్ల 1956 నాటికి తేలింది. డార్విన్‌కు కావలసినంత కాలం, ఆయన పోయిన డెబ్భై నాలుగేళ్లకు దొరికింది.

ఈ జన్యువుల లెక్క మన దగ్గర ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చింది. శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం తీరిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లేనివారికి గంటల తరబడి ఊపిరి కండరాలు కదలవు. ఈ లోపం వైశ్యుల్లో మిగతావారికంటే సుమారు 100 రెట్లు ఎక్కువని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనం చెప్పింది. అందుకే తెలిసిన మత్తు డాక్టర్లు ముందే అడుగుతారు. ఇక్కడ యోగ్యుడు గెలవలేదు, అయోగ్యుడు ఓడలేదు. ఎప్పుడో కొద్దిమంది పూర్వీకులతో మొదలైన సమూహం రెండు మూడు వేల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంది. ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గర ఉన్న లోపం కేవలం యాదృచ్ఛికంగా ఇంతమందికి చేరింది. ఇదీ పరిణామమే. ఇలాంటి లోపాలు దేశంలో ఎన్నో కులాల్లో, తెగల్లో వేర్వేరుగా ఉన్నాయి. పెళ్లిచూపుల్లో కులం, గోత్రం అడిగే మనకు ఈ పాఠం అందరికంటే ముందు అర్థం కావాలి నిజానికి.

ఇక మతం సంగతి. 1860 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో బిషప్ విల్బర్‌ఫోర్స్‌కూ, డార్విన్ పక్షాన నిలిచిన జీవశాస్త్రవేత్త హక్స్‌లీకీ జరిగిన వాగ్వాదం చాలా ప్రసిద్ధం. అయితే ఆ రోజు ఎవరేమన్నారో పూర్తిగా రాసుకున్నవారు లేరు, ఇప్పుడు చెప్పుకునే సంభాషణ చాలావరకు తర్వాతి జ్ఞాపకాల్లోంచి అల్లినది. అదే కాలంలో చార్లెస్ కింగ్‌స్లీ అనే చర్చి గురువు, తమను తాము రూపొందించుకోగల జీవులను దేవుడు సృష్టించాడనుకోవడం మరింత గొప్ప భావన కాదా అని డార్విన్‌కు రాశాడు. డార్విన్ సంబరపడి ఆ మాటను రెండో ముద్రణలో చేర్చుకున్నాడు. ఆయన సొంత విశ్వాసాన్ని సడలించినవాటిలో బాధ ఒకటి. 1851లో పదేళ్ల కూతురు ఆనీ చనిపోయింది. బతికున్న గొంగళి పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి, పిల్లలు దాన్ని లోపలి నుంచి తినేలా చేసే కందిరీగను దయామయుడైన దేవుడు కావాలని సృష్టించి ఉంటాడని నమ్మలేకపోతున్నానని 1860లో ఒక భక్త శాస్త్రవేత్తకు రాశాడు. అయినా 1882లో ఆయన్ను పాతిపెట్టింది వెస్ట్‌మినిస్టర్ చర్చిలోనే.

అసలు పోరు అమెరికాలో, ఇరవయ్యో శతాబ్దంలో, బడిలో జరిగింది. 1925లో టెనెసీ రాష్ట్రం డేటన్‌లో పరిణామం బోధించాడని స్కోప్స్ అనే టీచర్‌కు 100 డాలర్ల జరిమానా వేశారు. ఆ చట్టం 1967 దాకా అలాగే ఉంది. పరిణామం ఒక ఊహకంటే మించినదని పోప్ రెండో జాన్ పాల్ 1996లో ఒప్పుకున్నాడు. మన దగ్గర బడిగొడవ ఆలస్యంగా వచ్చింది. కోతి మనిషి కావడం ఎవరూ చూడలేదని 2018లో ఒక కేంద్ర సహాయ మంత్రి అంటే దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఖండించాయి. ఆ తర్వాత సిలబస్ తగ్గింపు పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు 2023లో బహిరంగ లేఖ రాశారు. ఆ పుస్తకాలు చదివే పిల్లాడు ఇంటర్‌లో బైపీసీ తీసుకోకపోతే, డార్విన్ పేరు బళ్లో వినకుండానే ఇంజనీరైపోవచ్చు.

కానీ హిందూ సమాజంలో పరిణామానికి ఎదురైన పెద్ద ప్రమాదం వ్యతిరేకత కాదని నా అభిప్రాయం. ఆలింగనం. "ఇది మాకెప్పుడో తెలుసు, దశావతారాలు ఇదే కదా" అనే మాట. చేప, నీటిలోనూ నేల మీదా బతికే తాబేలు, నేల మీది పంది, సగం మనిషి, పొట్టి మనిషి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇది మన పండితులు చెప్పిన పాత మాట కాదు, డార్విన్ తర్వాత పుట్టినది. దివ్యజ్ఞాన సమాజం పెట్టిన బ్లావట్‌స్కీ 1877లో రాసింది, కలకత్తాలో కేశవచంద్ర సేన్ 1882లో చెప్పాడు. భాగవతం ప్రథమ స్కంధం తెరిచి చూడండి. అక్కడ అవతారాలు ఇరవైకి పైనే. వరాహం రెండోది, మత్స్యం పదోది, కూర్మం పదకొండోది. కపిలుడూ దత్తాత్రేయుడూ వచ్చి వెళ్లాక చేప వస్తుంది. పైగా కూర్మం మత్స్యానికి పుట్టలేదు, వామనుడు నరసింహుడి మనవడు కాడు. అవతారం అంటేనే పైనుంచి దిగి రావడం. డార్విన్ కథలో దిగేవారెవరూ లేరు, అన్నీ కిందే పుట్టి కిందే చీలతాయి. దశావతారాలకు వాటి అర్థం వాటికుంది, ఏడో తరగతి సైన్సు చార్టుగా మార్చడం పురాణానికీ గౌరవం కాదు.

ఇంతకంటే లోతుగా తలపడినవాడు వివేకానందుడు. పతంజలి యోగసూత్రాల కైవల్యపాదంలో జాత్యంతర పరిణామం అనే మాటే ఉంది. ఒక జాతి ఇంకో జాతిగా మారడం ప్రకృతి నిండుకోవడం వల్ల జరుగుతుందంటుంది సూత్రం. పక్కనే రైతు ఉపమానం: రైతు నీటిని మోసుకుపోడు, మడి గట్టు తెగ్గొడతాడు, నీరు తనంతట తానే పారుతుంది. 1896 నాటి రాజయోగ వ్యాఖ్యలో వివేకానందుడు దీన్ని పట్టుకుని, పోటీయే పరిణామానికి మూలమనే వాదం చాలదన్నాడు. జీవశాస్త్రంగా ఇది నిలవదు. ఇక్కడున్నదీ పాలూ పెరుగే, పరిపూర్ణత ముందే లోపలుంది, గట్టు తీస్తే చాలు. కానీ ఆయన గురి జీవశాస్త్రం మీద కాదు. పోటీ పేరు చెప్పి బలహీనులను తొక్కడాన్ని సమర్థించేవారి మీద. అక్కడ ఆయన ఒంటరి కాదు.

"యోగ్యతముల మనుగడ" అనే మాట డార్విన్‌ది కాదు. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్వవేత్త పుట్టించాడు. వరణం అంటే ఎవరో కూర్చుని స్వయంవరంలోలా ఎంచుకుంటున్నారని జనం పొరబడుతున్నారు, స్పెన్సర్ మాట వాడమని వాలెస్ సలహా ఇస్తే, 1869లో ఐదో ముద్రణలో డార్విన్ దాన్ని చేర్చాడు. ఒక పొరపాటును సరిదిద్దబోయి అంతకంటే పెద్దదాన్ని తెచ్చిపెట్టుకున్నారు. తెలుగులో అది "బలవంతుడిదే రాజ్యం" అయి కూర్చుంది, చిన్న చేపను పెద్ద చేప మింగే మత్స్యన్యాయంతో కలిసిపోయింది. పత్తి చేలో గెలిచిన పురుగు ఏ పురుగుతోనూ కొట్లాడలేదు. దాని యోగ్యతంతా పేగులో ఒక చిన్న తేడా, అదీ బీటీ ఉన్నంత వరకే. ఈ సంగతి మరిచినవారు చేసిన నష్టం చిన్నది కాదు. డార్విన్ దగ్గరి బంధువు గాల్టన్ 1883లో సుప్రజననం అనే భావానికి యూజెనిక్స్ అని పేరుపెట్టాడు. మంద పెంచినట్టు మనుషులను ఏరి పెంచాలనే ఆ ఆలోచన అమెరికాలో బలవంతపు సంతాన నిరోధక ఆపరేషన్లకు, జర్మనీలో అంతకంటే ఘోరాలకు దారితీసింది.

పైమెట్టు లేదన్న మాట అందరికంటే ముందు జీర్ణించుకున్నవారు రచయితలే అనిపిస్తుంది నాకు. డార్విన్‌ను వివరించడానికి తరచూ ఉటంకించే టెన్నిసన్ కవితాపాదం, కోరలూ గోళ్లూ నెత్తురైన ప్రకృతి, 1850 నాటిది, డార్విన్ పుస్తకానికి తొమ్మిదేళ్ల ముందుది. మిత్రుడి మరణంతో కుమిలిపోతూ, రాళ్లలో అంతరించిన జీవాలను చూసి ప్రకృతికి జాతుల మీద కూడా మమకారం లేదా అని అడిగాడాయన. థామస్ హార్డీ 1873 నవలలో ఒక దృశ్యం ఉంది. ఒక పెద్దమనిషి కొండ అంచు నుంచి జారి వేలాడుతుంటాడు. కళ్లకెదురుగా రాతిలో ట్రైలోబైట్ అనే అంతరించిన సముద్రజీవి శిలాజం, దాని రాతి కళ్లు ఆయన్నే చూస్తున్నట్టుంటాయి. కోట్ల ఏళ్ల ఎడం ఉన్న రెండు ప్రాణులు చావులో పక్కపక్కన. చదివిన చాలా రోజుల వరకు ఆ కళ్లు నన్ను వదల్లేదు. హక్స్‌లీ దగ్గర పాఠం విన్న నవలాకారుడు హెచ్.జి. వెల్స్ 1895లో తన కాలయంత్రాన్ని 802701వ సంవత్సరానికి నడిపించి చూపించింది మహామానవులను కాదు. సోమరితనంతో చిన్నపిల్లల్లా మారిన ఒక జాతిని, నేల అడుగున యంత్రాలు తిప్పుతూ పై జాతిని తినే ఇంకో జాతిని. పరిణామం అంటే పురోగతి కాదని అంత భయంకరంగా చెప్పినవారు తక్కువ.

తెలుగులో ఈ భావం ఎక్కువగా మార్క్సిజం చెయ్యి పట్టుకుని వచ్చింది. 1883లో మార్క్స్ సమాధి దగ్గర ఎంగెల్స్ ఆయన్ను డార్విన్‌తో పోల్చాడు కదా. దాంతో మన సాహిత్య చర్చల్లో పరిణామం విప్లవానికి ఎదురు మాటగా, నెమ్మదిగా మెట్లెక్కడంగా స్థిరపడింది. మళ్లీ నిచ్చెనే. జీవశాస్త్రాన్ని జీవశాస్త్రంగా మామూలు పాఠకుడికి చేర్చింది పత్రికా రచయితలు. నండూరి రామ్మోహనరావు మానవ పరిణామం మీద రాసిన పుస్తకానికి నరావతారం అని పేరు పెట్టారు. దిగిరాని జీవి కథకు అవతారమని పేరు! ఆ చమత్కారం ఆయనకు తెలియక పెట్టి ఉండరు.

చివరగా జె.బి.ఎస్. హాల్డేన్. డార్విన్‌నూ మెండెల్‌నూ గణితంతో ముడివేసిన ముగ్గురు నలుగురిలో ఒకడు. సైన్సును పత్రికలకు కమ్మగా రాసినవాడు. 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చేశాడు. కారణాల్లో ఈజిప్టు మీద బ్రిటన్ చేసిన సూయజ్ యుద్ధం ఒకటని చెప్పేవాడు, అరవై ఏళ్లు మేజోళ్లు తొడుక్కున్నది చాలునని కూడా అనేవాడు. లాల్చీ పైజమా వేసుకుని, మాంసం మానేసి, ఈ దేశ పౌరుడయ్యాడు. దశావతారాల పోలిక ఆయనకూ ముచ్చటే, వెన్నెముక గల జంతువుల పరిణామానికి అది స్థూలమైన బొమ్మ అన్నాడు. ఆయన శిష్యుల్లో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రలో మేనరికాలు, మేనమామ మేనకోడలి పెళ్లిళ్ల మీద పరిశోధన చేశారు. కాన్సర్ వస్తే హాల్డేన్ 1964లో దాని మీద హాస్య కవిత రాసి అచ్చు వేయించాడు. ఆ డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. వీలునామాలో దహనం గురించీ ఖననం గురించీ కోరలేదు. తన దేహాన్ని పరిశోధనకు, బోధనకు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వమన్నాడు. బతికుండగా దాన్ని ఆ రెండు పనులకూ వాడానని, చనిపోయాక తాను ఇంకా ఎక్కడైనా ఉన్నా లేకపోయినా ఇక దానితో తనకు పని లేదని, వేరేవాళ్లు వాడుకోవాలని అందులో రాశాడు.